అమ్మ చూడని మొదటి అడుగు

సాయంత్రం అయిదింటికల్లా తేల్చెయ్యాలి. చిన్నికి మెడిసిన్ సీటూ వచ్చింది, ఫిజియోథెరపీ సీటూ వచ్చింది. అమ్మ ఫోన్లో తను ఒకటి నొక్కితే రెండోది చేజారినట్టే. ఇంకో ఇంట్లో అయితే మెడిసిన్ అని ఎగిరి గంతేసి ఈపాటికి మిఠాయిలు పంచేసేవారు. కానీ చిన్ని వాళ్లమ్మ ఎముకల సర్జను, నాన్న అదే ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు. ఇక పేచీ రాక ఏమవుతుంది!

విచిత్రమేమిటంటే పట్టుబట్టింది అమ్మ కాదు. ఆవిడ "నీ ఇష్టమే తల్లీ" అని ఊరుకుంది. మెడిసినే అని భీష్మించుకు కూర్చున్నది నాన్న.

"పెళ్లికి వెళ్తే మీ అమ్మను డాక్టరుగారూ అంటూ ముందు వరసలో కూర్చోబెడతారు. నా దగ్గరికొచ్చి, కాస్త ఈ మెడ పట్టవయ్యా అంటారు. చదివిన చదువంతా మాలీషు కింద జమ! ఆ మాట నా కూతురు పడకూడదు."

అందుకని చిన్నే బేరం పెట్టింది. పొద్దున అమ్మ వెంట, మధ్యాహ్నం నాన్న వెంట తిరుగుతుంది. ఆ తర్వాతే నొక్కుతుంది.

అమ్మ వెంట నడవడమంటే పరుగే. ఒక మంచం దగ్గర ఆగి, గాయం చూసి, మందు మార్చి, తల తిప్పేలోగా ఇంకో మంచం దగ్గరుండేది. మెట్లు జారి తుంటి విరగ్గొట్టుకున్న బస్సు డ్రైవరు ఎక్స్‌రే తీసి వెలుతురుకు పెట్టింది. విరిగిన ఎముక స్థానంలో తెల్లగా మెరుస్తూ లోహపు గుండు! చిన్నికి ఒళ్లు ఝల్లుమంది.

"ఇది నువ్వే పెట్టావా అమ్మా?"

"మరి దానంతటదే వెళ్లి కూర్చుంటుందా? కానీ ఇంతవరకు రావాలంటే పదేళ్ల పైమాటే. నాన్న చదువైతే అందులో సగం. బాగా ఆలోచించుకో."

"ఇప్పుడాయన నడుస్తాడా?"

"నా పని అయిపోయింది. నడిపించడం మీ నాన్న వంతు" అంటూనే అమ్మ పక్క మంచం దగ్గరికి వెళ్లిపోయింది. చిన్ని మనసు సగానికి పైగా మెడిసిన్ వైపు ఒరిగిపోయింది.

మధ్యాహ్నం నాన్న గదిలో అడుగుపెట్టగానే ఇదేం ఆసుపత్రి అనిపించింది. పడుకున్నవాళ్లే లేరు. ఒకావిడ రబ్బరు పట్టీ లాగుతూ నాన్నను తిడుతోంది. ఒక పెద్దాయన బంతిని కాలితో నెడుతూ తనకు తానే శభాష్ చెప్పుకుంటున్నాడు. గది మధ్యలో రెండు కమ్మీల నడుమ, పొద్దున ఎక్స్‌రేలో చూసిన డ్రైవరు! నడుముకు పట్టీ, వెనక చక్రాల కుర్చీ, పక్కనే నాన్న.

"ఈ కాలు నాది కాదు సార్. ఎవరిదో తెచ్చి తగిలించారు" అన్నాడు డ్రైవరు, చెమటలు కక్కుతూ.

సరిగ్గా అప్పుడే, టైము దగ్గర పడుతోందని, ఫోను పట్టుకుని అమ్మ వచ్చింది. డ్రైవరు పాదం ఎత్తాడు. ఊగాడు. అంతే, అమ్మ ఒక్క గెంతు గెంతి ఆయన రెండు చేతులూ పట్టేసుకుంది. కంటి రెప్ప వాల్చకుండా ఎముకలు కోసే మనిషి ఆ కాస్త ఊగుకే హడలిపోయింది! డ్రైవరు భారమంతా ఆవిడ మీద వేసి, అలాగే కుర్చీలో కూలబడ్డాడు.

"డాక్టరమ్మ పట్టుకోకపోతే పడేవాణ్ణి. నావల్ల కాదు సార్."

"పడనివ్వడానికా నేనిక్కడున్నది? నువ్వు పట్టుకునేసరికి పడిపోతానని ఆయన తేల్చేసుకున్నాడు" అని నాన్న అమ్మతో మెల్లగా అన్నాడు. అమ్మ మొహం చిన్నబోయింది.

చిన్నికి కాలు నిలవలేదు. గబగబా కమ్మీల చివరికెళ్లి డ్రైవరుకు ఎదురుగా నిలబడింది.

"బాబాయ్, బస్సు వెనక్కి తీసేటప్పుడు కండక్టరు ఏం చేస్తాడు?"

"వెనక నించుని రానీ రానీ అంటాడు."

"బస్సును పట్టుకుంటాడా?"

"పట్టుకుంటే వాడు పచ్చడే!" డ్రైవరు ఫక్కున నవ్వాడు. నాన్న సందు దొరికిందని ఆయన్ని లేపి నిలబెట్టాడు.

"రానీ" అంది చిన్ని. పాదం లేచింది. "రానీ... రానీ..." ఆయన ఊగాడు, ఎవరూ ముట్టుకోలేదు, ఆయనే నిలదొక్కుకున్నాడు. పెద్దాయన బంతి వదిలేసి "రానీ" అన్నాడు. రబ్బరు పట్టీ ఆవిడ అందుకుంది. గదంతా ఒకే కేక! డ్రైవరు కమ్మీల చివరికొచ్చి అక్కడున్న కుర్చీలో కూర్చుని, తన కాలిని తానే తడిమి చూసుకున్నాడు.

అమ్మ కళ్లు తుడుచుకుంది. "ఇన్ని తుంటులు వేశాను. మొదటి అడుగు ఒక్కటీ చూడలేదు. ఎప్పుడూ ఇంకో ఆపరేషన్లో ఉంటాను."

చిన్ని ఫోను అందుకుంది. "నాన్నా, నాకు ఇదే కావాలి."

నాన్న మొహం మాడిపోయింది. "రేపు జనం నిన్ను మెడ పట్టమంటే?"

"పడతాను. ఆ తర్వాత నా మాట విని వాళ్లే మెడ తిప్పుకునేదాకా వదలను."

ఈలోగా డ్రైవరు గొంతెత్తాడు. "అమ్మాయ్, తిరుగు ట్రిప్పు లేదా? నన్నిక్కడే వదిలేస్తారా?"

ఏం చెయ్యమంటాడోనని చిన్ని నాన్న వైపు చూసింది. ఆయన ఆమె చేతిలోని ఫోను తీసుకుని, ఫిజియోథెరపీ మీద తానే నొక్కేసి, అమ్మ చేతిలో పెట్టాడు.

"నన్ను చూస్తావేం? వెళ్లు, నీ పేషెంటు పిలుస్తున్నాడు."