చీపురుపుల్ల కొలత

మా నాన్న యోబు చీపురుపుల్ల విరిచాడంటే ఇంట్లో ఎవరికో బూట్లు వస్తున్నాయని లెక్క. మనిషి నిద్రపోతుండగా పాదానికి పుల్ల ఆనించి, బొటనవేలి దగ్గర పుటుక్కున తుంచి, జేబులో పెట్టుకుని రేపల్లెలో తెనాలి పాసింజరెక్కేవాడు. నా చిన్నప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. వద్దంటే వింటాడా? ఆ మొండితనమే నాకూ వచ్చిందని మావాళ్లంటారు. అననీ.

మా అమ్మాయి లిడియాకి వచ్చే నెల కానిస్టేబుల్ సెలక్షన్ పరుగు. కిందటిసారి కొద్దిలో పోయింది. వయసు మీరిపోతోంది, ఇదే ఆఖరు అవకాశం. మనవరాలికి బూట్లు తనే కొనాలని నాన్న పంతం. ఈసారి నేనూ లిడియా కూడా ఆయన వెంట తెనాలి వెళ్లాం.

నేను బడిలో ఆటల టీచర్ని. పరుగుకైతే బూటు తేలిగ్గా ఉండాలి, ముందు భాగం వంగాలి, వేళ్లకు ముందు కాస్త జాగా ఉండాలి. వాలీబాల్‌కైతే అడుగు చదునుగా, పక్కలు గట్టిగా ఉండాలి. పిల్లలకు రోజూ నూరిపోసేది ఇదే. కొట్లో నాన్న పుల్ల పెట్టి కొలిచి తీసింది ఆ వాలీబాల్ రకమే. ఇటుకంత బరువుంది.

"గట్టి సరుకు! పదేళ్లు చూసుకోనక్కర్లేదు," అన్నాడు మురిసిపోతూ.

లిడియా తొడుక్కుంది. "బాగున్నాయి తాతయ్యా," అంది నవ్వుతూ. లోపల వేళ్లు ముడుచుకున్నాయని దాని ముఖం చూస్తేనే నాకు తెలిసిపోయింది.

ఓరి దేవుడా! చదువుకునే రోజుల్లో బాపట్లలో జిల్లా పోటీల్లో నేనూ నాన్న తెచ్చిన బూట్లతోనే పరిగెత్తాను. ఇలాగే నవ్వాను. తెల్లటి కాన్వాసు బూట్లు. ఆ కొత్త రబ్బరు వాసన తలచుకుంటే ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది. కానీ మడమలు చిట్లి మేజోళ్లు ఎర్రబడ్డాయి. చివరి మలుపులో అందరూ నన్ను దాటిపోయారు. ఇంటికొచ్చి, కాలు బెణికిందని చెప్పాను.

"నాన్నా, ఇవి వద్దు." నా గొంతు నేననుకున్నదానికంటే పెద్దగా వచ్చింది. "పుల్లకి పొడుగే తెలుసు, వెడల్పు తెలీదు. పడుకున్న పాదం వేరు, పరిగెత్తే పాదం వేరు. ఆ రోజు బాపట్లలో నా కాలు బెణకలేదు. బూట్లు కరిచాయి."

కొట్లో వాళ్లంతా మావైపు చూశారు. "అమ్మా!" అని లిడియా నా చెయ్యి గిల్లింది. నాన్న ముఖం చిన్నబోయింది.

"మరి అప్పుడే చెప్పలేదేంటే?"

"ఎట్టా చెప్పను? ఎండలో స్టేషన్ నుంచి నడిచొచ్చి బూట్లు నా చేతిలో పెట్టావు. నీ కాళ్లకి చెప్పుల్లేవు నాన్నా."

నాకు ఏడుపు ఆగలేదు. నాన్న వంగి, మనవరాలి కాళ్ల నుంచి ఆ బూట్లు తనే విప్పాడు. "లేమ్మా. నీకు నచ్చినవి వేసుకుని, వీధిలో ఓసారి పరిగెత్తి చూడు," అన్నాడు.

అది వెళ్లాక నావైపు తిరిగాడు.

"పిచ్చిదానా, ఒక్క మాట అనుంటే మర్నాడే మళ్లీ తెనాలి వచ్చేవాణ్ణి కదే!"