మొగలో ఆగిన మోటారు

నరసాపురం రేవులో జ్ఞానప్రకాశం చెయ్యి పడితే లేవని మోటారు లేదని పేరు. ఆ పేరు సగం అతను సంపాదించుకున్నది, సగం తానే ప్రచారం చేసుకున్నది. అలాంటివాడు, ఆ సోమవారం మధ్యాహ్నం తన షెడ్డు ముందు రిక్షాలోంచి దించుతున్న నావ మోటారును చూడగానే నిలబడిపోయాడు.

అది బుల్లియ్య మోటారు. బియ్యపుతిప్ప నుంచి చేపల వేటకు వెళ్ళే బుల్లియ్య పదకొండు రోజుల క్రితం పొద్దున్నే బయల్దేరాడు. సాయంత్రానికి అతని నావ అంతర్వేది మొగలో, గోదావరి సముద్రంలో కలిసే చోట, ఖాళీగా తిరుగుతూ కనబడింది. వల మడత విప్పలేదు. మనిషి లేడు. శవమూ దొరకలేదు.

రిక్షా వెనకాల నడిచి వచ్చింది అతని భార్య ఏసమ్మ.

"అన్నయ్యగారూ, ఇదెందుకాగిందో చెప్పండి. బాగుచెయ్యక్కర్లేదండి. ఆ ఒక్క ముక్కా చెప్పండి చాలు."

"దీన్నెవరైనా ముట్టుకున్నారా అమ్మా?"

"లేదండి. నావకి తాడేసి లాక్కొచ్చారు. మోటారు జోలికి ఎవరూ ఎళ్ళలేదండి. భయమండి ఆళ్ళకి."

భయం వాళ్ళకంటే ప్రకాశానికి ఎక్కువుంది. సరిగ్గా రెండు వారాల కిందట ఆ మోటారును బాగుచేసింది తనే. నిప్పురవ్వకు కరెంటిచ్చే కాయిల్ కాలిపోయింది. కాకినాడ నుంచి కొత్తది వచ్చేదాకా ఆగే ఓపిక బుల్లియ్యకు లేదు, ఆగి తీరాలని చెప్పే నిజాయితీ ఇతనికి లేదు. మూల పడున్న మరో మోటారులోంచి పాత కాయిల్ ఊడదీసి బిగించి, కొత్తదే అన్నట్టు మొహం పెట్టి పంపించాడు. పాత కాయిల్ చల్లగా ఉన్నంతసేపూ బుద్ధిగా ఉంటుంది. వేడెక్కాక మొండికేస్తుంది. మొగలో కెరటాల మధ్య మోటారు ఆగిపోతే నావలో మనిషి గతేమిటో రేవులో ఎవరినడిగినా చెబుతారు.

"ఇంత పట్టుబడుతున్నావేంటమ్మా?" అన్నాడు ప్రకాశం.

ఏసమ్మ తల దించుకుంది. "ఆ పొద్దున్న ఇద్దరం గొడవపడ్డామండి. పో, మళ్ళీ నా గడప తొక్కకు అన్నానండి. తనే దూకేశాడంటున్నారు మా పేటంతా. మోటారు చెడిపోయిందని మీరంటే..."

మోటారు చెడిందంటే బుల్లియ్యను చంపింది ప్రకాశం. చెడలేదంటే ఏసమ్మ. ఆమె అది చెడి ఉండాలని కోరుకుంటోంది, అతను చెడకుండా ఉండాలని లోపల్లోపల ప్రార్థన చేసుకుంటున్నాడు.

ముందు కార్బురేటర్ మీద చెయ్యి వేశాడు. మోటారు వెచ్చగా తగిలింది. ఎండలో వచ్చింది కదా అని సర్దిచెప్పుకున్నాడు.

మన వైపు నావల మోటార్లకు రెండు తిళ్ళు. పెట్రోలుతో లేస్తాయి, వేడెక్కాక కిరసనాయిలు మీద నడుస్తాయి. ఆపాలంటే మాత్రం ముందు మీట తిప్పి, రెండు నిమిషాలు మళ్ళీ పెట్రోలు మీద నడిపి ఆపాలి. అలా చెయ్యకపోతే కార్బురేటర్ గిన్నెలో కిరసనాయిలు నిలిచిపోతుంది, ఆ తర్వాత రెక్కలు పడిపోయేలా తాడు లాగినా మోటారు లేవదు. కాబట్టి దారిలో దానంతటది ఆగిన మోటారైతే గిన్నెలో రేషను కిరసనాయిలు ఉండాలి, నీలంగా.

ప్రకాశం గిన్నె విప్పి గాజు గ్లాసులోకి వంపాడు. నారింజ రంగు. పెట్రోలు.

గుండెల మీంచి బరువు దిగినట్టయింది. పక్కనే ఆశగా చూస్తున్న ఆ మనిషిని చూసి వెంటనే సిగ్గేసింది. అయినా నమ్మకం చాలక నీళ్ళ డ్రమ్ముకు మోటారు బిగించి తాడు లాగాడు. పదకొండు రోజులు ఉప్పుగాలికి పడున్నది, ఒక్క లాగుకే లేచింది. ముప్ఫై ఏళ్ళ పనిలో అలా లేచిన మోటారును అతను చూడలేదు. ఎవరో ఇప్పుడే ఆపి, ఇదుగో వస్తానని పక్కకు వెళ్ళినట్టుంది. కిరసనాయిలు మీద ముప్పావుగంట నడిపాడు. చెయ్యి పెట్టలేనంత కాలింది గాని కాయిల్ ఒక్కసారి కూడా తడబడలేదు.

"మోటారు ఆగలేదమ్మా. అతనే ఆపాడు."

ఏసమ్మ మోటారు పక్కన నేలమీద కూర్చుంది. "అయితే నేనేనండి చంపింది."

"కాదమ్మా! దూకి చచ్చేవాడు పెట్రోలుకెందుకు మారుస్తాడు? రెండు నిమిషాలు కాచుకుని మరీ ఆపాడంటే మళ్ళీ లేపుకుందామనే. ఇంటికి రావాలనే."

ఆమె ఆ గ్లాసు చేతిలోకి తీసుకుంది. "మరి మొగ మధ్యలో ఎందుకాపాడండి?"

ప్రకాశానికి తట్టింది పైకి అనదగ్గది కాదు. వల వెయ్యలేదు కాబట్టి పని కోసం ఆపలేదు. మోటారు రొదలో పక్కవాడి కేక కూడా వినబడదు. ఏదో వినాలనుకున్నవాడే అక్కడ ఆపుతాడు.

"నన్నక్కడికి తీసుకెళ్ళండి," అంది ఏసమ్మ.

మర్నాడు అదే నావకు అదే మోటారు బిగించి బయల్దేరారు. మొగ చేరేసరికి పొద్దున పదయింది. దయ్యాలకు పనిలేని వేళ అని ప్రకాశం తనకు తాను ధైర్యం చెప్పుకున్నాడు. గాలి లేదు. ఒడ్డున మడచెట్ల ఆకు కదలడం లేదు. పక్కనే మోటారు డబడబలాడుతోంది, దూరంగా కెరటాలు తెల్లగా విరుగుతున్నాయి.

అప్పుడు వినబడింది.

"మావా! ఎనక్కొచ్చెయ్యి!"

రొదను దాటుకుని వచ్చిన గొంతు కాదది. రొదే లేనట్టు, వెనకాల నీళ్ళ మీంచి, తేటగా వచ్చింది. ఏసమ్మ గొంతు. ఏసమ్మ అతనికి ఎదురుగా నావ ముందుభాగంలో కూర్చుని ఉంది. పెదవులు బిగించుకుని ఉంది.

మళ్ళీ పిలుపు, ఈసారి ఏడుస్తూ. ప్రకాశం చెయ్యి దానంతటదే మీటను పెట్రోలు వైపు తిప్పింది. ఒక్క నిమిషం ఆపితే ఎక్కణ్ణుంచో తెలిసిపోతుంది కదా అనిపించింది. అలా అనిపించినందుకే పైప్రాణాలు పైనే పోయాయి. తల తిప్పకుండా, పళ్ళు బిగబట్టి, నావను గిర్రున తిప్పి వచ్చిన దారి పట్టించాడు. ముందునుంచి ఏసమ్మ ఏదో అరుస్తోంది. నోరు కదలడం కనబడింది గాని ఒక్క మాట వినబడలేదు.

బియ్యపుతిప్ప రేవులో నావ దిగాక ఆమె దారికడ్డంగా నిలబడింది. "నాకేం వినబళ్ళేదండి. మీరేం విన్నారండి?"

"నేను మీవాడికి పాత కాయిల్ వేశానమ్మా. కొత్తదని..."

"అది కాదండి. ఏం విన్నారు?"

అబద్ధం చెబుదామనుకున్నాడు. ఈ కుటుంబానికి ఒక అబద్ధం చెప్పింది చాలనిపించింది. పైగా ఇది విన్నాక ఆమె మనసు కుదుటపడుతుందని కూడా అనుకున్నాడు, పిచ్చిమనిషి.

"నువ్వే పిలుస్తున్నట్టు వినబడిందమ్మా. మావా, వెనక్కొచ్చెయ్యి అని. నీ పిలుపనుకునే ఆపాడు. నీ దగ్గరికి రావడానికే ఆపాడు. నీ మీద కోపంతో పోలేదమ్మా అతను."

ఏసమ్మ ఏడవలేదు.

"ఎవరికీ చెప్పలేదండి," అంది మెల్లగా. "ఆ పొద్దున్న నావ కనుమరుగైపోయాక ఇక్కడే నించుని పిలిచానండి. అచ్చం ఆ మాటే. అంత దూరం పోయినోడికి వినబడదని తెలుసండి. తెలిసీ, గొంతు పోయేలా పిలిచానండి."

ఆమె మొగ వైపు తిరిగి చూసింది.

"నా గొంతు ఇంకా అక్కడ పిలుస్తానే ఉందాండి?"

అతను తల ఊపాడు.

ఆ రోజు నుంచి ఏసమ్మ ఎవరినీ గొంతెత్తి పిలవలేదు. కూతురు బేబి రేవు చివర చేపలు ఎండబెడుతుంటే, అన్నానికి రమ్మని ఇంటి ముందు నుంచి కేక వెయ్యదు. ఎండలో అంత దూరమూ నడిచి వెళ్ళి, భుజం మీద చెయ్యి వేసి, వెంటబెట్టుకుని తీసుకొస్తుంది.