కింది దవడలో ఎర్ర కారు

పొద్దున్నే నాచారం పారిశ్రామికవాడ రోడ్డులో తన మెకానిక్ షెడ్డు షట్టరు ఎత్తగానే కనకరాజు చాయ్ తాగుతాడు. తాగుతూ, ఊళ్లో తిరుగుతున్న, తను బాగుచేసిన బండ్లు ఎట్లా ఉన్నాయో నాలుకతో పళ్లు తడిమి చూసుకుంటాడు. గేర్‌బాక్సు ఎవరు బిగిస్తే వాళ్ల నోట్లో ఒక పంటికి ఎక్కుతుంది, కనకరాజుకు పని నేర్పిన ఉస్తాద్‌కూ అట్లాగే ఎక్కేవి. బాక్సు చచ్చిపోతే పన్ను ఊడుతుంది, పన్ను ఊడితే బాక్సు చస్తుంది. అందుకని కనకరాజు నోట్లో చోటు చూసుకునే పని ఒప్పుకుంటాడు.

ఇదేమంత వింత కాదు, చుట్టుపక్కల అందరికీ పనికొచ్చే సంగతి. పాల వ్యాను గోపాలరావు ఆలస్యం చేస్తే భార్య రాజేశ్వరమ్మ ఫోన్ చేసేది.

"అన్నయ్యా, మా ఆయన ఎక్కడిదాకా వచ్చారు?"

కనకరాజు పంటికి తగిలిన స్పీడ్ బ్రేకర్లు లెక్కపెట్టుకుని, "రామంతాపూర్ దాటిండు చెల్లె, బియ్యం కడుగు" అనేవాడు.

ఔటర్ రింగు రోడ్డు ముక్కలు ముక్కలుగా తెరుస్తున్న రోజుల్లో, విక్రమ్ అనే కుర్రాడు రెండు తలుపుల ఎర్ర స్పోర్ట్స్ కారు తెచ్చి షెడ్డు ముందు ఆపాడు. పోచారంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఉప్పల్లో అద్దె ఇల్లు, పెళ్లై ఏడాది. కారు సెకండ్ హ్యాండుది, మూడో గేరు వేస్తే కీచుమంటోంది. కనకరాజు నోట్లో అప్పటికి ఒక్క పన్నే ఖాళీ. కింది దవడలో కుడివైపు చివరిది, మటన్ బొక్కలు కొరికే పన్ను. దాన్ని ఎవరికీ ఇవ్వొద్దని భార్య కౌసల్యమ్మ ఎప్పుడో చెప్పి పెట్టింది. కానీ అంత అందమైన బండిని చూశాక మెకానిక్కు మనసు ఆగుతుందా? ఆగలేదు.

బాక్సు బిగించి ఆయిల్ డబ్బా తీస్తుంటే విక్రమ్ అడ్డం పడ్డాడు. "ఈ గేరాయిల్ జీఎల్ ఫోర్ కదన్నా. జీఎల్ ఫైవ్ పొయ్యండి. రేటెక్కువైనా పర్లేదు. ఫోర్ కన్నా ఫైవ్ పెద్దదే కదా."

"చెప్పు గూడ పెద్ద నంబర్ ఉంటది తమ్మీ. కాలుకు పట్టాలె గద" అన్నాడు కనకరాజు. "గేర్ల నడుమ ఇత్తడి రింగులుంటయి. తిరిగే గేరును జర పట్టి నెమ్మది జేస్తయి. గా ఫైవుల గంధకం మందు ఎక్కువ. ఎనక చక్రాల హౌసింగ్‌కు మస్తుంటది, గీడ పోస్తే ఇత్తడిని తింటది. పైకెల్లి జారుడు. పాకురు మీద నిలవడి ఇంకొకల్ని పట్టి ఆపుతవా?"

విక్రమ్ తల ఊపాడు. ఊపినవాళ్లంతా విన్నవాళ్లు కాదు.

నాలుగు నెలలు బండి హాయిగా నడిచింది. భార్య మానస పక్కన కూర్చున్న రోజుల్లో విక్రమ్ గేరు మార్చేది కనకరాజుకు తెలిసేదే కాదు. అట్లాంటి రోజు కనకరాజు కూడా కౌసల్యమ్మతో మెత్తగా మాట్లాడేవాడు. ఆ పిల్లవాడంటే అతనికి ఇష్టం ఏర్పడింది.

ఒకరోజు చాయ్‌లో గంధకం వాసన తగిలింది. తర్వాత పన్ను సన్నగా గుంజడం మొదలుపెట్టింది. వారం తిరిగేసరికి మూడో గేరు పడ్డప్పుడల్లా కంట్లో నీళ్లు తిరిగేవి. కనకరాజు ఫోన్ చేశాడు.

"తమ్మీ, ఆయిల్ మార్చినవా?"

"మీకెలా తెలుసు... ఓ, పన్ను కదా. మార్పించానన్నా. ఆదివారం ఆఫీసువాళ్లతో పందెం ఉంది, రింగు రోడ్డు మీద. రెండు వందలు దాటాలి. అంత స్పీడుకి ఫోర్ ఆగదని అందరూ అన్నారు."

"రింగులు అరిగినయి బిడ్డా. గా జోరు మీద గేరు పట్టుకున్నదంటే చక్రాలు బిగుసుకపోతయి, బండి బోర్లవడ్తది. పోకు."

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. తర్వాత ఎన్నిసార్లు చేసినా విక్రమ్ ఫోన్ ఎత్తలేదు. శనివారం కనకరాజు ఉప్పల్లో ఇంటికి వెళితే తాళం వేసి ఉంది.

ఆదివారం పొద్దున పన్ను గుంజింది. ఒకటో గేరు. రెండోది. విక్రమ్ బయల్దేరాడు. కనకరాజు చాయ్ కప్పు కింద పెట్టి, కౌసల్యమ్మను ఆటో ఎక్కించుకుని, చౌరస్తాలో పళ్ల డాక్టరు అరుణకుమారి దగ్గరికి ఉరికాడు.

"ఇది పీకెయ్యి డాక్టరమ్మా."

ఆమె లైటు వేసి చూసింది. "రాయిలా ఉంది కదండీ. దీన్నెందుకు?"

"పిలగాడు సచ్చిపోతడమ్మా" అంది కౌసల్యమ్మ.

అరుణకుమారి ఇంకేమీ అడగలేదు. "మత్తు సూది పట్టడానికి పది నిమిషాలు కావాలి" అంది.

"అంత టైం లేదు. కని ఇప్పుడే గుంజకు. నాలుగోదాంట్ల ఉన్నడు, ఉరికే బండికి బాక్సు ఇరిగితే ఇంకా మోసం. నేను ఏలు ఎత్తుత, అప్పుడు గుంజు."

పటకారు పంటిని పట్టుకుంది. కనకరాజు కళ్లు మూసుకున్నాడు. మూడో గేరు పడింది, నొప్పి చెవిదాకా పాకింది. మళ్లీ నాలుగు. కౌసల్యమ్మ అతని చేయి వదల్లేదు. మూడు. రెండు. బండి నెమ్మదించింది. న్యూట్రల్.

కనకరాజు వేలు ఎత్తాడు.

మధ్యాహ్నం ఎర్ర కారును తాడుకు కట్టి లాక్కొచ్చారు. విక్రమ్ దిగుతూనే అరిచాడు. "మీరు కట్టిన బాక్సేనా ఇది? అన్నోజిగూడ దగ్గర టీకి ఆగానంతే. మళ్లీ ఎక్కితే ఒక్క గేరూ పడలేదు! వాళ్లు నవ్వుకుంటూ వెళ్లిపోయారు!"

కనకరాజు నోటి నిండా దూది. కౌసల్యమ్మ కాగితం పొట్లం విప్పి విక్రమ్ చేతిలో పెట్టింది. నెత్తుటి పన్ను, దాని వేర్ల పొడుగునా పసుపుపచ్చని ఇత్తడి పొడి.

"సూది పట్టేదాక గూడ ఆగలె. నువ్వు న్యూట్రల్ జేసేదాకనే ఆగిండు."

విక్రమ్ పాత టైరు మీద కూలబడ్డాడు. "మానసకు పనుందని చెప్పి వెళ్లాను" అన్నాడు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

కొత్త రింగులు రావడానికి రెండు వారాలు పట్టింది. వచ్చినరోజు కనకరాజు పానాలన్నీ గుడ్డ మీద పరిచి, తను స్టూలు మీద కూర్చున్నాడు.

"నా నోట్ల జాగ లేదు. నువ్వే బిగియ్యి."

"నాకు రాదన్నా."

"నేను జెప్త గద."

మూడు ఆదివారాలు విక్రమ్ విప్పాడు, తప్పు పెట్టాడు, మళ్లీ విప్పాడు. కనకరాజు బాక్సుకు తన వేలు కూడా తగలనివ్వలేదు. చివరి బోల్టు బిగుసుకోగానే విక్రమ్ ఉలిక్కిపడి దవడ పట్టుకున్నాడు. బల్ల మీద రెండు డబ్బాలున్నాయి. అతను ఫోర్ తీసుకుని, రంధ్రం అంచు నుంచి చుక్క జారేదాకా పోశాడు. మళ్లీ డబ్బా తిప్పి, మీద రాసింది ఇంకోసారి చదువుకున్నాడు.

స్టీరింగు ముందు కూర్చుని ఒకటో గేరు వేశాడు. మొహం చిట్లించాడు.

"అన్నా, ఇప్పుడు ఎంత స్పీడు వెళ్లొచ్చు?"

"నీ పన్ను, నీ ఇష్టం" అన్నాడు కనకరాజు.

విక్రమ్ ఉప్పల్ దాకా రెండో గేరు దాటలేదు.