ఎవరూ అడగని అడుగు పూత

నేను ఒక పూతను. మామిడి పూతను కాను, పసుపు పూతను కాను. ఇంటికి బయటివైపు, ఇటుక మీద మొట్టమొదట వేసే అడుగు పూతను. పేరులో అడుగు ఉందే కానీ నన్ను అడిగిన పాపాన పోయినవాడు లేడు. ఇల్లు చూడడానికొచ్చిన ప్రతివాడూ రంగు బాగుందంటాడు, గుమ్మం బాగుందంటాడు. రంగు కింద ఒకర్తి ఊపిరి బిగబట్టి నిలబడి ఉందని ఎవడికీ తోచదు. గోడలకు చెవులుంటాయని తెగ చెప్పుకుంటారు కదా, ముక్కు కూడా ఉంటుందని మీకు ఎవరైనా చెప్పారా? ఆ ముక్కును నేను. నా ముక్కు మూసినవాళ్ళ కథ చెబుతాను, వినండి. మంచి కోపంలో ఉన్నాను.

నా ఒంట్లో ఉన్నది సున్నం, నా విలువ సున్న. ఆ సున్నంలో పేలాల్లా వేయించి పొంగించిన రాతి గుళ్ళు కలిపారు, కాసింత నార వేశారు. నన్ను లారీకెత్తిన కుర్రాడు ఒంటిచేత్తో బస్తా లేపి, "ఇదేం బస్తారా, దిండులా ఉంది!" అని నవ్వాడు. తేలికగా ఉన్నదాన్ని తేలిగ్గా తీసుకోవడం ఆ రోజే మొదలైంది. నా పని మాత్రం తేలిక కాదు. ఇటుక నేలలోంచి పీల్చిన చెమ్మను ఆవిరిగా గాలికి వదిలెయ్యాలి. గోడ ఊపిరి తీసుకోవాలి. అంతే నా ఉద్యోగం.

ఆత్రేయపురంలో, కాలువకు దగ్గరగా ఉన్న ఒక సందులో, కుడుపూడి పల్లాలమ్మ ఇంటి పక్కగోడకు నన్ను వేశారు. ఆవిడ పూతరేకులు తీస్తుంది. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో గుడ్డ ముంచి, కుండ మీద ఒక్క లాగు లాగితే రేకు. ఆ రేకులకు చెమ్మంటే చావే. నాకన్నా ముందు ఆ గోడకు సిమెంటు ఉండేది. అది తడిని బయటికి పోనివ్వకపోవడంతో గది లోపల గోడ ఎప్పుడూ కన్నీళ్ళు పెట్టుకునేది. మేస్త్రి వలీ ఆ సిమెంటు చెక్కేసి నన్ను మెత్తాడు, పైన వెల్ల వేశాడు. గది ఆరింది. రేకులు గలగలమన్నాయి. రావులపాలెం మిఠాయికొట్టు శేషగిరి ఎన్ని పంపితే అన్నీ తీసుకున్నాడు. నా బతుక్కి అదే వసంతం, పూతకు అదే కదా కాలం!

అయితే సందు మొదట్లో బ్రాందీకొట్టు ఉంది. అక్కడ లోపలికి పోసుకున్నవాళ్ళందరూ నా దగ్గరకొచ్చి బయటికి పోసుకునేవాళ్ళు. నేను కోరింది ఉచ్ఛ్వాస నిశ్వాసాలు, వాళ్ళు ఇచ్చింది మొదటి రెండక్షరాలే. వాళ్ళలో పెద్ద భక్తుడు దొరబాబు. ఎరువులకొట్టులో గుమస్తా. అక్కడి అలవాటే కాబోలు, ఇక్కడ కూడా రోజూ ఎరువేసేవాడు. కిటికీలోంచి పల్లాలమ్మ చూస్తే ఆవిడే సిగ్గుపడి తల తిప్పుకునేది. చేసేవాడికి లేని సిగ్గు చూసేదానికి! ఇదెక్కడి న్యాయమో మీరే చెప్పాలి.

పల్లాలమ్మ బావగారు సూరిబాబుది ఎదురిల్లే, రావులపాలెంలో ఆయనకు గోడలకు అతికించే టైల్సు పలకల దుకాణం ఉంది. "అమ్మాయ్, నువ్వేం బెంగెట్టుకోకు. నేనున్నాను కదా!" అని ఒక ఆదివారం ఆటో నిండా దేవుళ్ళను దింపాడు. వెంకన్న, శివయ్య, దుర్గమ్మ, ఆంజనేయుడు, అందరూ మెరిసే పలకల మీద. నేల నుంచి ఛాతీ ఎత్తు దాకా, గోడ ఈ చివర నుంచి ఇంచుమించు ఆ చివర దాకా, బంక పూసి నా ముఖాన అతికించేశాడు. బావగారి గారం నా గార మీద చూపించాడు! పల్లాలమ్మ కూడా మురిసిపోయి సాంబ్రాణి వెలిగించింది. కోట్లాదిమంది కొలిచే స్వామికి ఈ సందులో ఇచ్చిన ఉద్యోగం ఏమిటయ్యా? ఉచ్చకు కాపలా! అది అపచారమని ఒక్కడికీ అనిపించలేదు.

మరి ఆగారా? దొరబాబు వెంకన్నకు చెంపలు వేసుకున్నాడు, దణ్ణం పెట్టాడు, మూడడుగులు పక్కకు జరిగి పలకలు అయిపోయిన మూల తడిపాడు. పలకలేమో పలకవు. ఇంకోపక్క ఊళ్ళో ఆడవాళ్ళు వచ్చి దీపాలు పెట్టారు, కొబ్బరికాయలు నా మీదే కొట్టారు. అదివరకు ఉప్పునీళ్ళు, ఇప్పుడు కొబ్బరినీళ్ళు. పైనుంచి తడి, కింద నేలనుంచి తడి, వదలడానికి దారి లేదు. నా ముక్కుకు గాజుమూత! బయటికి పోలేని చెమ్మ ఏం చేస్తుంది? లోపలికి పోయింది. గదిలో గోడ ఉబ్బింది, తెల్లటి ఉప్పు పొంగింది. పేర్చిన రేకులు ఒకదాన్నొకటి కావలించుకుని విడిపోనన్నాయి.

శేషగిరి కట్ట తిరిగి తెచ్చి అరుగు మీద పెట్టాడు. "ఇవి పూతరేకులా తల్లీ, తడిగుడ్డలా? నోట్లో ఏసుకుంటే అంటుకుపోతన్నాయంటున్నారండి. ఇంకోపాలి ఇలాగొస్తే నేను మరోళ్ళని చూసుకోవాలండి. ఏవనుకోకండి."

పల్లాలమ్మ ఆ కట్టను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆవిడకు తెలిసిన విద్య అదొక్కటే. ఆ రోజంతా పొయ్యి వెలిగించలేదు. మర్నాడు వలీని పిలిపించింది.

వలీ లోపలా బయటా గోడ తట్టి చూశాడు. "పలకలు తీసేస్తే ఆరిపోద్దమ్మా."

"మరి తియ్యి బాబూ."

వలీ ఉలి కింద పెట్టేశాడు. "నేనా? అమ్మా, వలీ అనేవాడు ఎంకన్న మొహం మీద ఉలెట్టాడంటే రేపీపాటికి నేనుంటానా, నా ఇల్లుంటాదా? నన్నొగ్గెయ్యండి. మీ కాళ్ళకి దణ్ణం ఎడతాను."

అతడు అన్నది తప్పని నేను అనను. ఆ భయం అతనికి నేర్పినవాళ్ళ మీదే నా కోపం.

పల్లాలమ్మ కొంగు బిగించింది. అతని ఉలి, సుత్తి తనే అందుకుని, "తండ్రీ, తప్పయితే నాకే పెట్టు" అని మొదటి దెబ్బ వేసింది. ఠంగుమన్న చప్పుడుకి సందంతా గుమిగూడింది. సూరిబాబు తువ్వాలు దులుపుకుంటూ పరిగెత్తుకొచ్చాడు.

"ఆగు! నీకేవైనా పిచ్చెక్కిందా? దేవుడి మీద సుత్తెత్తుతావా? వంశం నాశనమైపోద్ది!"

"అయ్యేదేదో అయ్యింది బావగారూ. దేవుణ్ణి మొలబంటి ఎత్తున నిలబెట్టి వీళ్ళ ఉచ్చకి కాపలా పెట్టాం. మీరు పెట్టారు, నేను సాంబ్రాణేశాను. మన కన్నా ఎక్కువ నా సుత్తేం చేసిందండీ? ఆయనకి సెలవిస్తన్నాను. అడ్డం తప్పుకోండి."

సూరిబాబు అడ్డం తప్పుకున్నాడు. ఆయన పలకల వ్యాపారే, ఆ క్షణాన పలకలేని వ్యాపారి.

పలకలు ఊడాయి. బంక గట్టిది, నేను మెత్తనిదాన్ని. దేవుళ్ళ వీపులకు అంటుకుని నా ఛాతీ కింది భాగం మొత్తం ఊడివచ్చింది. నన్ను ఉక్కిరిబిక్కిరి చేసినవాళ్ళను వదిలించడానికి నా ఒళ్ళే పోయింది! ఊరు పరువు కోసం సూరిబాబు డప్పులు తెప్పించాడు. పలకలను కొత్తబట్టలో చుట్టి, కాలువకు ఊరేగించి నిమజ్జనం చేశారు. అన్నిటికన్నా బరువైన పలకను నెత్తిన మోసి గోవిందా అని అరిచినవాడు దొరబాబే. బతికుండగా చూడని నన్ను పోయాక డప్పుతో సాగనంపారు.

మిగిలిన సగాన్ని, ఛాతీకి పైభాగాన్ని, గోడ మీదే ఉన్నాను. నా కింద ఎర్రటి ఇటుక ఒళ్ళు విప్పుకుని ఎండలో ఆరుతోంది. గది తేమ దిగుతోంది. పల్లాలమ్మ ఈసారి ఇంకెవరినీ కాపలా పెట్టలేదు. పొయ్యిని, కుండను ఈడ్చుకొచ్చి సందులో, నా ఎదురుగా పెట్టుకుని కూర్చుంది.

సాయంత్రం దొరబాబు వచ్చాడు. అలవాటైన కాళ్ళు, నిండిన పొట్ట. లుంగీ మీద చెయ్యి వేసి, ఆవిణ్ణి చూసి గతుక్కుమన్నాడు. ఈసారి ఆవిడ తల తిప్పలేదు.

"ఏవండీ దొరబాబుగారూ, ఏం పనిమీదొచ్చారు?"

"అబ్బే... రేకులు కొందారనండి."

"ఎన్నండి?"

"ఓ... ఓ వంద."

"ఆయ్, అలాగే. నిలబడండి మరి, వేడివేడిగా తీసిస్తాను. కదలకండేం, మీ ఎదురుగానే తీస్తాను."

గుడ్డ ముంచింది. కుండ మీద లాగింది. తెల్లటి రేకు గలగలమంటూ లేచింది. దాన్ని వెలుతురుకి ఎత్తి చూసుకుని ఆవిడ మొదటిసారి నవ్వింది. దొరబాబు ఒక కాలు మీద నుంచి రెండో కాలు మీదికి మారాడు. రెండో రేకుకి ఆవిడ గుడ్డను నిదానంగా, చాలా నిదానంగా పిండింది.

తొందరేం లేదు తల్లీ, అనుకున్నాను నేను.