దొర మెచ్చిన పదును

కలెక్టరు కచేరీలో దొర కామేశాన్ని అందరి ముందూ "షార్ప్ యాజ్ ఎ రేజర్" అన్నాడు. ఆ ముక్క సాయంత్రానికల్లా రాజమండ్రిలో వాళ్ల వీధంతా తిరిగింది. అర్థం చెప్పేసరికి తల్లి బుగ్గలు నొక్కుకుంది.

"క్షవరం కత్తిలాంటివాడివన్నాడా? శుభమా అని ఉద్యోగంలో చేరితే అదేం మెప్పురా?"

"కత్తి కాదే అమ్మా, దాని పదును. నా బుద్ధి అంత చురుకని."

చెల్లెలు అమ్మాజీకి మాత్రం నవ్వు రాలేదు. దొర నోట్లో మాటైన ఆ కత్తి ఆమెకు నిజం కత్తే. తొమ్మిదో ఏట మొగుడు పోయాడు. పెద్దదయ్యాక గోదావరి రేవులో కూర్చోబెట్టి తల గొరిగిస్తారని ఊహ తెలిసిన నాటి నుంచీ వింటూనే ఉంది. ఇంత వయసొచ్చినా జుట్టు మిగిలిందంటే అది అన్నయ్య చలవే.

"ఆ కత్తి నీ తల దాకా రాదు. నేనుండగా రాదు," అని కామేశం ఆమె చేతిలో చెయ్యేసి చెప్పాడు. నమ్మింది. నమ్మక ఏం చేస్తుంది పాపం, ఇంట్లో ఆమెను మనిషిలా చూసినవాడు అతనొక్కడే.

ఆ వేసవిలో కామేశం ఊళ్లో జరిగిన ఓ వితంతు వివాహానికి వెళ్లి భోజనం చేసి వచ్చాడు. ఇంకేముంది, ఇంటిల్లిపాదినీ వెలివేశారు. నిప్పు ఇచ్చేవాళ్లు లేరు, నూతి దగ్గరికి రానిచ్చేవాళ్లు లేరు. తండ్రి తద్దినానికి భోక్తలు దొరకరని తల్లి తిండి మానేసి మంచం పట్టింది. చివరికి కామేశమే పిఠాపురంలో మకాం చేసిన పీఠం స్వామివారి దగ్గరికి వెలి తీయించుకోవడానికి వెళ్లి, తేలిక పడ్డ మొహంతో తిరిగొచ్చాడు.

"అంతా సర్దుకుంది. రేపు రేవులో ప్రాయశ్చిత్తం. నువ్వూ రావాలి, అమ్మాజీ," అన్నాడు.

ప్రాయశ్చిత్తమంటే తప్పు చేసిన మగవాడికి ముందుగా తల గొరగాలి. ఆ సంగతి ఆమెకు తెలుసు. అందుకే తెల్లారి రేవు మెట్ల మీద పొది విప్పుకుని కూర్చున్న మంగలిని చూసి అన్న మీద జాలేసింది. దొరల తరహాలో దువ్వుకునే ఆ క్రాపంటే అతనికి ప్రాణం.

"పోనీలే అన్నయ్యా, జుట్టే కదా, మళ్లీ వస్తుంది," అంది మెల్లగా, నవ్వించాలని.

కామేశం నవ్వలేదు. మంగలి కత్తి నూరుకుని, అతని పక్కనుంచి ఆమె వైపు చూశాడు.

"అమ్మగారు ఇలా వచ్చి కూచోవాలండి."

ఆమె బిత్తరపోయి అన్న వైపు తిరిగింది. అతను నీళ్లకేసి చూస్తూ, కచేరీలో విన్నవించుకున్నట్టు గబగబా చెప్పాడు.

"స్వామివారు ఇద్దరి జుట్టూ తీయించాలన్నారు. గుండుతో కచేరీకి ఎలా వెళ్లేదని బతిమాలితే నాది వదిలేశారు. నాకు పంచగవ్యం, స్నానం చాలట."

"ఒక్కరిది చాలునన్నది ఎవరు? స్వామివారా, నువ్వా?"

అతను క్రాపు సవరించుకున్నాడు. దొర మెచ్చిన బుద్ధి ఆ బేరంలో ఎంత చురుగ్గా పనిచేసి ఉంటుందో ఆమెకు కళ్లకు కట్టింది. అంతా తెలిసీ నిన్నంతా ఇంట్లో నవ్వుతూ తిరిగాడు.

"కదిలితే తెగుతుందండి. ఎవరైనా పట్టుకోవాలి," అన్నాడు మంగలి. కామేశం వచ్చి ఆమె భుజాల మీద చేతులు వేయబోయాడు.

"నువ్వు ముట్టుకోకు," అంది అమ్మాజీ, ముడి విప్పుకుంటూ. "అతన్నే చెయ్యనీ. అతను నాకు ఏ మాటా ఇవ్వలేదు."