అమావాస్య బ్యాకప్

మా ఆయన బాలేష్ నెలకోసారి కంప్యూటర్‌కు బ్యాకప్ తీసేవాడు, అదీ అమావాస్య నాడే. తూంకుంటలో ప్లాట్లు అమ్మేవాళ్లు ఆ రోజు బండికి నిమ్మకాయలు కట్టుకుని ఊరుకుంటారు తప్ప కొత్త లేఅవుట్ జోలికి పోరు. వాళ్లకు మ్యాపులు గీసిపెట్టే ఇతనికి కూడా పని ఉండేది కాదు. ఖాళీ రోజే కదా అని, కంప్యూటర్‌లో ఉన్నదంతా చిన్న హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించి, పాత టవల్‌లో చుట్టి, బీరువాలో నా చీరల కింద పెట్టేవాడు. "ఇల్లు కాలినా మన పని కాలదు" అనేవాడు. ఇల్లు కాలలేదు. ఇల్లు కడిగారు.

వరసగా చెప్తాను. పాప పుట్టినప్పుడు నేను మేడ్చల్‌లో మా తల్లిగారింట్లో ఉన్నాను. ఇరవై ఒకటో రోజు దాటేదాకా పాపకు ఫోటో తీయకూడదని మా అమ్మ ఆర్డరు వేసింది. దిష్టి తగులుతుందట. బాలేష్ ఆస్పత్రిలో భయపడి పాపను ముట్టుకోనే లేదు, ఉయ్యాలలో వేసిన రోజు అందరి ముందూ ఎత్తుకుంటానన్నాడు. ఒక సాయంత్రం సైటు నుంచి నేరుగా మా ఇంటికి వచ్చాడు. అమ్మ కిరాణా కొట్టుకు పోయిన సందు చూసి, పాపను అతని ఒళ్లో పెట్టాను. నెత్తి మీద హెల్మెట్ కూడా తీయలేదు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, రెండు మోచేతులూ పైకి లేపి, అంచుదాకా నిండిన గిన్నె పట్టుకున్నవాడిలా ఊపిరి బిగబట్టాడు. నాకు నవ్వాగలేదు. అతని ఫోనుతోనే ఒక్క ఫోటో తీశాను. నాకు పంపితే అమ్మ చూసి గొడవ చేస్తుందని పంపలేదు. ఇంటికి పోయి ఫోన్ చేసి, "కంప్యూటర్ల ఎక్కించిన, ఇగ భద్రం" అన్నాడు.

ఆ తర్వాత అమావాస్య రాకముందే కరీంనగర్ రోడ్డు మీద లారీ కింద పడి పోయాడు. ఫోను కూడా నుజ్జయింది. ఇది ఇంత మామూలుగా చెప్తున్నానేమిటని మీకు అనిపించవచ్చు. మా చుట్టాలకూ అనిపించింది. స్రవంతి ఇంకా ఏడవలేదని నా గురించి వాళ్లలో వాళ్లు చెప్పుకున్నారు. ఏడుపు రాకపోతే నేనేం చేయను, కళ్లు పిండి తెచ్చుకోనా?

శవం లేచిన ఇల్లు కడగాలి కదా. మా అత్తమ్మ బాలనర్సమ్మ బోరు పైపు పట్టుకుని గది గదీ కడిగింది. కంప్యూటర్ డబ్బా టేబుల్ కింద నేల మీదే ఉంది, ప్లగ్గు బోర్డులోనే ఉంది. టప్పుమంది, పొగ వచ్చింది. నాకు కోపం రావాలి. ఎవరి మీదని రావాలి? అమావాస్య మంచికే, దిష్టి మంచికే, ఇల్లు కడగడమూ మంచికే. ఈ మంచి అంతా కలిసి పాపకు వాళ్ల నాన్నతో ఉన్న ఒకే ఒక్క ఫోటోను మింగింది.

పాపకు మూడో నెల పడ్డాక సుచిత్ర చౌరస్తాలో కంప్యూటర్లు బాగుచేసే వెంకటసాయి నుంచి ఫోన్ వచ్చింది. రిపేరుకు ఇచ్చిన డబ్బాలో పాత డిస్క్ పూర్తిగా కాలిపోయిందని, పెద్ద ల్యాబుకు పంపినా లాభం లేదన్నారని, కొత్తది వేశానని, బ్యాకప్ తెస్తే అందులోంచి రీస్టోర్ చేస్తానని చెప్పాడు. బీరువాలోంచి టవల్ మూట తీసుకుని బయలుదేరాను. అత్తమ్మ "నేను గూడ వస్త" అని పాపను ఎత్తుకుని ఆటో ఎక్కింది.

"రీస్టోర్ అంటే పోయినయి మల్ల తెచ్చుడేనా?" అని దారిలో అడిగింది.

"బ్యాకప్ తీసిన నాటికి ఉన్నయే వస్తయి అత్తమ్మా."

"మరి గా ఫోటో?"

"బ్యాకప్ అమాస నాడు తీసిండు. పాప పుట్టింది గా తర్వాత."

ఆమె పాప నెత్తి మీద కొంగు సర్దింది. బొల్లారం దాటాక, "ఫోటో మంచిగచ్చిందని నడుమల ఇంకోపాలి బ్యాకప్ తీసిండేమో. నీకేం ఎరుక" అంది. నాకున్న ఆశ కూడా అదే. నోటితో అనలేదు, అంతే.

వెంకటసాయి గోదావరి జిల్లా మనిషి. అత్తమ్మకు కుర్చీ వేసి, డిస్క్ తగిలించి, తేదీలు చూశాడు.

"ఆఖరు బ్యాకప్ ఇదేనండి" అని చూపించాడు. పాప పుట్టకముందు వచ్చిన అమావాస్య.

"దీని తర్వాత ఇంకోటి లేదా బాబూ?" అంది అత్తమ్మ.

"లేదమ్మా. దీనికి ముందువి చాలా ఉన్నాయి. తర్వాతది ఏదీ లేదు."

"సరే, గదే ఎక్కియ్యుండ్రి" అన్నాను. నా గొంతు కరెంటు బిల్లు కట్టేటప్పటి గొంతులాగే ఉంది.

ఎంత ఎక్కిందో చూపే తెర మీది గీత నిండడానికి చాలాసేపు పట్టింది. చివరికి బాలేష్ కంప్యూటర్ ఎలా ఉండేదో అలాగే వచ్చి కూర్చుంది. మ్యాపులు, బిల్లులు, నా సీమంతం ఫోటోలు అన్నీ ఉన్నాయి. ఒక మూల "బుజ్జి" అనే ఫోల్డర్ ఉంది. వెంకటసాయి తెరిచాడు.

"ఇందులో ఏమీ లేదండి. ముందుగానే తయారుచేసి ఉంచుకున్నట్టున్నారు. అక్కర్లేదంటే తీసేస్తాను."

"ఉండనియ్యుండ్రి" అన్నాను.

అత్తమ్మ ఆ తెల్లటి ఖాళీని చూస్తూనే ఉంది. "నీళ్లు నేనే కొట్టిన గద" అంది.

"ఇల్లు కడగకుంటే ఎట్ల అత్తమ్మా. అందరు కడిగేదే గద."

ఆమె వినలేదు. "నేనైతే వాడు బిడ్డను పట్టుకున్నది సూడలే. నువ్వు సూసినవు. ఎట్ల పట్టుకున్నడో చెప్పు."

"భయపడుకుంట పట్టుకున్నడు."

"గట్ల కాదు. చూపియ్యి."

ఆమె కుర్చీలోంచి లేచింది. నేను కూర్చుని పాపను ఒళ్లోకి తీసుకున్నాను. మోచేతులు రెండూ పైకి లేపాను. షాపులో ఇంకా ఇద్దరు ముగ్గురు ఉన్నారు, ప్రింటర్ ధర అడుగుతున్న ఒకాయన మాట ఆపి నా వైపు చూశాడు. చూస్తే చూడనీ.

"గంత పైకా?"

"ఇంకా పైకే ఉండె" అని ఇంకాస్త లేపి, ఊపిరి బిగబట్టాను.

అత్తమ్మ వంగి చూసింది. నా ముఖం వైపు కాదు, చేతుల వైపు. "సిన్నగున్నప్పుడు సల్ల పోసిన గిన్నె తెమ్మంటే గిట్లనే తెచ్చేటోడు" అంది. "వాడే. గట్లనే పట్టుకుంటడు."

ఇక చాలనుకుని చేతులు దించబోయాను.

"దించకు బిడ్డా. ఇంకొద్దిసేపు."

అలాగే ఉంచాను. పాప నిద్రలో కాలు విదిల్చింది. చేతులు గుంజడం మొదలుపెట్టాయి. ఆ నొప్పి భుజాల దాకా ఎక్కింది. ఏడ్చాను, పరాయి షాపులో, అందరి ముందూ. చేతులు మాత్రం దించలేదు.