పెన్సిల్ దిద్దుబాటు

ఉప్పల్ డిపో పక్క డీటీపీ షాపులో సత్యవేణి పదేళ్లుగా ఇంగ్లీషులో వచ్చే సర్కారు ఆర్డర్లు తెలుగు చేస్తోంది. "చేయవలెను" ఎక్కడ పడాలో, "చేయవచ్చును" ఎక్కడ పడాలో ఆమెకు కొట్టిన పిండి. కానీ ఆ షాపుకు ఒక పాడు ఆనవాయితీ ఉంది. గిరాకీ పెన్సిలుతో ఏం దిద్దితే అది మారు మాట్లాడకుండా టైపు చేసి ఇవ్వడమే. కడుపు కోసం మనిషి ఏ గడ్డి కరవడు!

మూడు నెలల కింద మల్లాపూర్ ఫ్యాక్టరీ సూపర్‌వైజర్ కామరాజు ఒక సర్కారు ఆర్డర్ తెచ్చాడు. చేతులు పడకుండా అడ్డుండే గార్డు బిగించేదాకా రేకులొత్తే ప్రెస్ మిషన్ నడపరాదని అందులో ఉంది. సత్యవేణి అట్లాగే రాసింది. వాడి మొహం మండ, "నడపరాదు" కొట్టేసి "నడపకుంటే మంచిది" అని దిద్దాడు. తప్పని తెలిసే ఆమె టైపు చేసింది. నోటీసు గోడకెక్కింది, మిషన్ ఆగలేదు. నెల తిరక్కుండానే ఆ మిషన్ నడిపే కార్మికుడు ఉప్పలయ్య కుడిచేతి వేళ్లు నాలుగూ ఆ ప్రెస్ కింద నుజ్జయ్యాయి.

ప్రమాదం కాగానే ఫ్యాక్టరీవాళ్లు గోడ మీది నోటీసు మార్చేశారు. నడపరాదని రాసినా ఉప్పలయ్యే వినలేదట! రేపే లేబర్ ఆఫీసులో విచారణ. ఆ మాట అబద్ధమని చెప్పగలిగింది కామరాజు పెన్సిలుతో దిద్దగా సత్యవేణి సొరుగులో ఉండిపోయిన కాగితం ఒక్కటే. దాన్ని తీసుకుపొమ్మని ఆమే ఉప్పలయ్య భార్య సాలమ్మకు కబురు పెట్టింది.

ఆ సంగతి ఎట్లా పసిగట్టాడో, సాలమ్మ కంటే ముందు కామరాజు దిగాడు. పట్టపగలే షట్టర్ సగం దించాడు.

"కాగితం ఇయ్యి. ఊకె లొల్లెందుకు?"

"ఇయ్య."

జుట్టు పట్టి ఆమె తలను టేబుల్‌కేసి కొట్టాడు. పెదవి చిట్లింది. మానిటర్ కింద పడి పగిలింది. ఆమె సొరుగులో చెయ్యిపెట్టి కాగితాన్ని పిడికిట బిగించింది. కామరాజు సొరుగును కాలితో తన్నాడు. వేళ్లు పటపటమన్నాయి. కళ్లు బైర్లు కమ్మినా ఆమె పిడికిలి విప్పలేదు. ఎడమచేత్తో కాగితాలకు బెజ్జాలు వేసే ఇనప పంచింగ్ మిషన్ అందుకుని అతడి ముక్కు మీద ఒక్కటిచ్చింది. ముక్కు పగిలింది, చొక్కా ఎర్రబడింది. అరుపులకు జనం పోగవుతుంటే వాడు ముక్కు పట్టుకుని పరుగు లంకించుకున్నాడు.

ఆ జనాన్ని తోసుకునే సాలమ్మ లోపలికి వచ్చింది. రక్తం చూసి, "అయ్యో, నా పెనిమిటి కోసం ఇన్ని దెబ్బలు తిన్నవా అక్కా!" అంటూ కొంగుతో ఆమె పెదవి తుడిచింది.

ఆ జాలి సత్యవేణికి దెబ్బలకంటే ఎక్కువ మంట పెట్టింది. కాగితం సాలమ్మ చేతిలో పెట్టింది.

"దిద్దింది కామరాజు. టైపు చేసింది నేనే."

సాలమ్మ కొంగు ఆగిపోయింది. "ఎరికుండే చేసినవా?"

"ఎరికుండే."

చెంప ఛెళ్లుమంది. సత్యవేణి మొహం పక్కకు తిప్పుకోలేదు.

"కొట్టు చెల్లె. రేపు నేను గూడ వస్త, సాక్షిగ."

"సాక్షివా?" సాలమ్మ కాగితాన్ని రవికెలో దోపుకుంది. "నువ్వు ముద్దాయివి. నడువు, ముందుగాల ఆ చెయ్యికి కట్టు కట్టిస్త."